నడుం వంచితేనే తెలిసిన కోటు: దేవరకొండ నుంచి హాలియా దాకా

లోకంలో మనుషులు పుణ్యం కోసం ప్రయాణం చేస్తారు, ఫొటోల కోసం చేస్తారు, అత్తగారింటికి తప్పక చేస్తారు. మేం ఇరవై రెండు వాన కోట్లు అమ్మడానికి చేశాం. మేం అంటే మా కంపెనీ మొత్తం సిబ్బంది అన్నమాట. కొలత, కటింగ్, కుట్టు, గుండీలు అన్నీ మా అరుణక్క చూసుకుంటుంది. నేను, సైదులును, బీబీఏ సెకండ్ క్లాస్ పట్టభద్రుణ్ణి, మిగతా విభాగాలన్నింటికీ అధిపతిని. అంటే ఏ పనీ చేయకుండా అన్నింట్లో మాట చెప్పేవాణ్ణి. దేవరకొండలో కిరాయికి తీసుకున్న ఒక షట్టర్‌లో అక్క రెండేళ్లుగా మిషన్ కుడుతోంది. అంతకుముందు నాలుగేళ్లు హైదరాబాదులో ఒక గార్మెంట్ కంపెనీలో, వాళ్ల హాస్టల్లోనే ఉండి పనిచేసింది. ఈమధ్య రెడీమేడ్ జాకెట్లు వచ్చి కుట్టుపని తగ్గింది. అదే సమయానికి పాత కంపెనీ మేడం ఫోన్ చేసి మళ్లీ రమ్మంది, సోమవారంలోపు ఏ సంగతో చెప్పమంది. వెళితే అక్క హాస్టల్లో ఉండాలి, నాలుగో తరగతి చదివే ఆమె కూతురు పింకీ మా దగ్గర ఉండాలి. వెళ్లకుండా ఉండటానికి మిగిలిన ఒకే ఒక్క దారి మేం కోట్లు కుక్కిన రెండు బస్తాల్లో ఉంది.

ఆలోచన అక్కదే. నిరుడు వానల్లో నాట్లకు పోయే ఆడవాళ్లు యూరియా బస్తాను ఒక మూల ఇంకో మూలలోకి దోపి నెత్తిన వేసుకొని పోవడం చూసింది. వీళ్లకు మంచి కోటు ఒకటి ఎందుకు కుట్టకూడదు అనుకుంది. అంతవరకు బాగానే ఉంది. అక్కడ నేను ప్రవేశించాను. ముందు జిప్పు ఉండాలన్నాను. పొడుగు చేతులు, మెడ దాకా మూసుకునే టోపీ, రెండు జేబులు ఉండాలన్నాను. ఛాతీ మీద ‘వరుణకవచం’ అని పేరు అచ్చు వేయించాను. పరీక్ష కూడా శాస్త్రీయంగానే జరిపాను. కోటు తొడుక్కొని బాత్రూమ్‌లో నిటారుగా నిలబడి పింకీ చేత నెత్తిన నాలుగు బకెట్ల నీళ్లు పోయించుకున్నాను. ఒక్క చుక్క లోపలికి రాలేదు. పెళ్లికి ముందూ తర్వాతా ఇరవై ఏళ్లు నాట్లేసిన మా అమ్మకు చూపిస్తే, చేత్తో తడిమి, “మంచిగుంది బిడ్డా” అంది. పిల్లలు చేసిన వస్తువును ఏ తల్లి మాత్రం బాగాలేదంటుంది? ఆ సంగతి అప్పుడు తట్టలేదు.

గురువారం పొద్దున ఆరుంబావుకు దేవరకొండ బస్టాండులో మిర్యాలగూడ బస్సు ఎక్కాం. హాలియాకు దాదాపు రెండు గంటలు. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి అక్కకు జీరో టికెట్, నాకు తొంభై రూపాయలు, బస్తాలకు లగేజీ టికెట్ వేరే. కంపెనీలో ఎవరు భారమో కండక్టర్ ఒక్క చూపులో తేల్చేశాడు. “ఏమున్నయ్ బస్తలల్ల?” అని అడిగాడు. “వాన కోట్లన్నా” అన్నాను. అతను కిటికీలోంచి ఎర్రటి మెట్ట చెల్కలవైపు, ఆకాశం వైపు చూసి, “ఈడ మబ్బు కనవడక పత్తి ఎండవట్టె. ఎవలకమ్ముతవ్ తమ్మీ?” అన్నాడు. మీరు ఈ దారిలో వస్తే ఎడమ కిటికీ పక్కన కూర్చోండి. మల్లేపల్లి దాటాక చాలాసేపు పత్తి, కంది, రాళ్లగుట్టలే కనిపిస్తాయి. తర్వాత ఎక్కడో, ఎవరో గీత గీసినట్టు, కాలువ నీళ్లు మొదలవుతాయి. అక్కడి నుంచి భూమి రంగే మారిపోతుంది. దున్ని నీళ్లు పెట్టిన మడులు, వాటిలో కొంగలు, అక్కడక్కడ వంగిన వీపులు. అక్క ఆ వీపులనే చూస్తూ కూర్చుంది. నేను పక్కన కూర్చొని అమ్మకానికి సంబంధించిన ఉపన్యాసం మనసులో వల్లె వేసుకున్నాను.

హాలియాలో దిగేసరికి సన్నటి వాన. మార్కెట్ దగ్గర బండి మీద పూరి నలభై, చాయ్ పది. బండి నడిపే ఆమె పూరీలు వేయిస్తూనే మా బస్తాల సంగతి అడిగింది. నేను ఒక కోటు తీసి, జిప్పు పైకీ కిందికీ లాగి చూపించాను. ఆమె, “మస్తున్నది. తొడుక్కొని యాడికి పోవాలె?” అంది. నాట్లకు అని చెప్పాను. ఆమె నవ్వి ఇంకో పూరి ఉచితంగా వేసింది. ఆ పూరి జాలితో వేసిందని నాకు మధ్యాహ్నం దాకా తెలియలేదు.

మేం వెళ్లాల్సింది అక్కడికి ఆరు కిలోమీటర్ల దూరంలో, కాలువ పక్కనున్న పొలానికి. అక్కడ ఎలిశమ్మ ముఠా నాట్లు వేస్తోంది. ముఠా అంటే ఇరవై రెండు మంది ఆడవాళ్లు. ఎకరాకు ఇంత అని మాట్లాడుకొని గుత్తకు నాటేస్తారు. ఎలిశమ్మ వాళ్ల మేస్త్రి. యాభై ఐదేళ్లు ఉంటాయి. వెనకట ఎండాకాలం నాట్లకు మా అమ్మ ఇటు వచ్చినప్పుడు ఇద్దరూ ఒకే వరసలో వంగినవాళ్లు. ఆమె సరేనంటే ఇరవై రెండు కోట్లూ పోతాయి, ఆమెను చూసి పక్క ముఠాలు అడుగుతాయి. ఆమె కాదంటే ఈ కాలువ కింద ఇంకెవరూ ముట్టుకోరు. నాట్లు ఇంకో మూడు వారాలే ఉంటాయి.

ఆటో నూటయాభైకి మాట్లాడాం. డ్రైవర్ శంకరన్న నా కాళ్లకున్న తెల్ల బూట్లను చూసి దారి పొడుగునా బాధపడ్డాడు. “నాట్ల కాడికి గీ బూట్లతోటా? జేబుల పైసలున్నయా మరి?”

“ఎందుకన్నా?”

“మొగోడు ఒడ్డు మీదికి వొస్తే గాళ్లు ఊకె పంపరు. ఇనాం గుంజుతరు. నన్ను గూడ పోయినేడు మడిల గుంజిండ్రు” అన్నాడు గర్వంగా, ఏదో సన్మానం జరిగినట్టు.

తొమ్మిదిన్నరకు పొలం గట్టు మీద ఉన్నాం. ఎలిశమ్మ నడుం నిలబెట్టి, చేతి మట్టి నీళ్లలో కడుక్కొని వచ్చి అక్క గదుమ పట్టుకుంది. “అచ్చం మీ యమ్మ లెక్కనే ఉన్నవే. గీడెవడు, నీ తమ్ముడా? గింత పొడుగెట్ల పెరిగిండు, పని లేకనా?” అంది. నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. మూడు నిమిషాలు మాట్లాడాను. ఆడవాళ్లందరూ గట్టెక్కి, నిలబడి, కోట్లు తొడుక్కున్నారు. జిప్పులు లాగి చూసుకున్నారు, ఒకరినొకరు చూసుకొని నవ్వుకున్నారు. “మంచిగుంది బిడ్డా.” “మస్తుంది.” “బొంబాయి దొరసానుల్లెక్క ఉన్నం.” ఇరవై రెండు నోళ్లు, ఒకటే మాట. నేను అక్కవైపు తిరిగి కన్ను కొట్టాను. ఆ క్షణంలో ఎవరైనా అడిగి ఉంటే మిర్యాలగూడలో రెండో బ్రాంచి పేరు కూడా చెప్పేవాణ్ణి.

వాన పెరిగింది. వాళ్లు కోట్లతోనే మడిలోకి దిగారు. పావుగంట కాకముందే ఒకామె గట్టు దగ్గరికి వచ్చి, మాకు వీపు పెట్టి, మెల్లగా కోటు విప్పి మడత పెట్టి వెళ్లింది. తర్వాత ఇద్దరు వచ్చారు, ఆ తర్వాత ఐదుగురు. అరగంటకు గట్టు మీద కోట్లు, ముందటిలాగే నెత్తిన యూరియా బస్తాలు. చివరికి ఎలిశమ్మ కూడా విప్పింది. మా మనసు నొచ్చుకోకుండా జిప్పు మళ్లీ పైదాకా వేసి మరీ పెట్టింది.

“ఏమైంది పెద్దమ్మా? ఏం బాగలేదు?” అని అక్క అడిగింది.

“బాగనే ఉంది బిడ్డా. జర ఉబ్బరిస్తుంది, గంతే.”

“గంతేనా?”

ఎలిశమ్మ అక్క మొహం చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. “నోటితోని చెప్తె తెల్వది. ఏయ్ పొడుగోడా! గా కోటు తొడుక్కో. దిగు.”

నేను బూట్లు విప్పాను. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచాను. వరుణకవచం ధరించి, జిప్పు లాగి, టోపీ వేసుకొని, యుద్ధానికి పోయేవాడిలా మడిలో అడుగుపెట్టాను. ఒక కాలు దిగింది, రెండోది దిగనంది. రెండోది దిగాక మొదటిది రానంది. వరస మధ్యలో, బుజ్జమ్మ అనే ఒక లావుపాటి ఆమె పక్కన నన్ను నిలబెట్టి చేతికి నారు కట్ట ఇచ్చారు. వంగాను.

వంగగానే టోపీ కళ్ల మీదికి జారింది. పైకి తోశాను, ఆ తోసిన చేతి మట్టి మొహానికి అంటింది. మొదటి పిలక నాటగానే పొడుగు చేయి మణికట్టు దాకా నీళ్లలో మునిగింది, లేపగానే ఆ నీళ్లు మోచేతి దాకా లోపలికి పారాయి. ముందు భాగం నీళ్లలో తేలుతూ నాటిన పిలకలను పీకేస్తోంది. వాన పడేదేమో వీపు మీద, నేను జిప్పు వేసి భద్రంగా మూసిందేమో ఛాతీని. ఛాతీ మీద ఖర్చు పెట్టి వేయించిన పేరును చదవగలిగింది ఆ మడిలో కప్పలు మాత్రమే. ఐదు నిమిషాల్లో లోపల చెమటకు, బయట వానకు తేడా లేకుండా పోయింది.

అసలు సంగతి అది కూడా కాదు. నాటు వెనక్కి నడుస్తూ వేస్తారు. ఎలిశమ్మ పాట ఎత్తుతుంది, మిగతావాళ్లు అందుకుంటారు. అందుకున్నచోట అందరూ ఒక అడుగు వెనక్కి వేస్తారు. పాటే వాళ్లకు తాడు, పాటే కొలత. నా టోపీలో మాత్రం వాన పేలాలు వేగుతున్నట్టు టపటపలాడుతోంది. పాట వినిపించలేదు, అడుగు తెలియలేదు. తల ఎత్తి టోపీ తోసుకొని చూసేసరికి ముఠా మొత్తం పది అడుగులు వెనక ఉంది. నాకు రెండు పక్కలా నాటు అయిపోయింది. ముందర నాటే. వెనక సన్నటి సందు మిగిలితే బుజ్జమ్మా ఇంకొకామే కలిసి చకచకా దాన్ని కూడా నాటేశారు. నేను పచ్చటి మడి నడుమ ఒంటికాలి కొంగలా మిగిలాను. ఎటు అడుగేసినా నాటు తొక్కినట్టే.

“పాట ఇనవడక గిట్లనే అయితది కొడుకా” అని ఎలిశమ్మ అరిచింది. “కోటు ఏసుకున్నోళ్లందరం గిట్లనే తప్పిపోయినం. పని ఎన్కకువడె. గిప్పుడు సమజయిందా?”

“అయింది పెద్దమ్మా. ఎట్ల రావాలె బయటికి?”

“రానియ్యం. ఇనాం తియ్యి.”

“డిగ్రీ చదివినోడంట, రెండు పెద్ద సీసాలు తాపాలె!” అని బుజ్జమ్మ ధర పెంచింది. శంకరన్నకు ఫోన్ చేసి, ఊళ్లోని దుకాణానికి ఫోన్‌లోనే డబ్బు పంపి, రెండు పెద్ద కూల్‌డ్రింక్ సీసాలు, ఒక బిస్కెట్ల డబ్బా తెప్పించాను. మూడు వందల లోపే అయ్యింది. దారి చూపించమంటే నాలుగు పిలకలు పీకి చేతిలో పట్టుకొని, నన్ను దాటించి, మళ్లీ నాటుకున్నారు. శంకరన్న గట్టు మీద నిలబడి, తన జోస్యం ఫలించిన స్వామిలా తల ఊపాడు.

ఇంత జరుగుతున్నా అక్క ఒక్కసారి కూడా నవ్వలేదు. గట్టు మీద గొంతుక్కూర్చొని, నా వైపు కాదు, వాళ్ల వీపుల వైపు చూస్తోంది. లేచి, సంచిలోంచి కత్తెర, సుద్దముక్క తీసింది. కోట్ల కుప్పలోంచి ఒకటి ఎత్తి గట్టు మీది రాయిపై పరిచింది. రాత్రింబవళ్లు కూర్చొని కుట్టిన బట్ట అది. “అక్కా, ఇంటికి పోయినంక ఆలోచిద్దాం” అన్నాను.

“ఇంటికాడ ఎవలు వంగుతర్రా?” అంది. కత్తెర పెట్టింది.

మొదట నా జిప్పు పోయింది, దాంతోపాటు ముందు భాగం మొత్తం. తర్వాత రెండు చేతులూ భుజం దగ్గర పోయాయి. వరుణకవచం నాలుగు ముక్కలై బురదలో పడింది. అక్క ఎలిశమ్మను పిలిచి, “నిలవడకు పెద్దమ్మా, వంగు. పని చేస్తున్నట్టే ఉండు” అంది. వంగిన మనిషి మీద కొలత తీయడం నేను ఎప్పుడూ చూడలేదు. మెడ నుంచి పిరుదుల కింద దాకా ఒకటే ముక్క, తాబేలు పెంకులా. కోసేసిన చేతుల బట్టలోంచి రెండు నాడాలు తీసి చంకల కింద నుంచి నడుము ముందుకు తెచ్చింది. టోపీని చెవుల పైభాగం దాకా కోసి, నుదుటి మీద చూరులా కొంచెం వదిలి, తలకు పట్టేలా వెనక ముడి పెట్టింది. కుట్టడానికి అక్కడ మిషన్ లేదు. “పిన్నీసులున్నయా ఎవల తానన్న?” అంది అక్క. ఒక్కమాటకు ఇరవై ఒక్క మంది చేతులు చాచారు. గాజులకు, నల్లపూసలకు తగిలించుకున్న పిన్నీసులు తీసి ఇచ్చారు. బుజ్జమ్మ ఒక్కతే ఐదు ఇచ్చి, “నా పిన్నీసులు మల్ల నాకే రావాలె” అని షరతు పెట్టింది.

ఎలిశమ్మ ఆ పిన్నీసుల కోటుతో మడిలోకి దిగింది. పాట ఎత్తింది. అందరూ అందుకున్నారు, అడుగు వెనక్కి పడింది. వాన పెంకు మీద పడి రెండు పక్కలకు జారిపోతోంది. ఆమె చేయి టోపీ వైపు ఒక్కసారి కూడా పోలేదు. అక్క నా పక్కనే సుద్దముక్క పట్టుకొని చూస్తోంది. ఒక మడి అయ్యింది. రెండో మడి అయ్యింది. ఒంటిగంటకు వాన ఆగింది. అందరూ గట్టెక్కి, యూరియా బస్తాలు విదిలించి పక్కన పడేసి, కాలువ నీళ్లలో చేతులు కడుక్కొని సద్ది గిన్నెలు విప్పారు. మాకు కూడా అన్నం, పచ్చిపులుసు పెట్టారు. తింటూ తింటూ బుజ్జమ్మ, “ఓ ఎలిశక్క! వాన ఎప్పుడో పాయె. గా కోటు తోటే బువ్వ తింటున్నవ్?” అంది.

ఎలిశమ్మ భుజం తడుముకొని చూసుకుంది. “ఓ యేసయ్యా, ఒంటిమీద ఉన్న సంగతే మర్శిన” అంది.

నా చదువులో మెచ్చుకోలుకు చాలా నిర్వచనాలు రాశాను. ఇంతకన్నా పెద్దది లేదు. అక్క తల వంచుకొని పచ్చిపులుసు జుర్రింది. కళ్లు తుడుచుకుంది. కారం ఎక్కువైందని చెప్పింది గానీ అందులో కారం పెద్దగా లేదు.

తర్వాత బేరం పది నిమిషాల్లో అయిపోయింది. ఇరవై రెండూ ఇదే కోతలో ఆదివారం ప్రార్థన అయ్యేసరికి కావాలంది ఎలిశమ్మ. ఫోన్ పెట్టుకోవడానికి లోపలివైపు చిన్న జేబు అడిగారు. నేను మిగిలిన గౌరవం కూడగట్టుకొని, “పేరు వీపు మీదికి మారుస్తాం” అన్నాను.

“ఏం పేరు?”

“వరుణకవచం.”

“గదెందుకు? మా పేరు రాయి” అంది ఎలిశమ్మ. “ఎలిశమ్మ ముఠా అని పెద్దగ రాయి. నలభై ఏండ్ల నుంచి నాటేస్తున్న. రోడ్డు మీద పోయేటోడు పొలం జూసి ఆసామి పేరే అడుగుతడు. నాటిందెవలో ఒక్కడన్న అడిగిండా? చదువుకోనీ.” ఇరవై ఒక్క గొంతులు అవునన్నాయి. పేర్లు పెట్టే విభాగం అధిపతి పదవికి నేను అక్కడే, బురద కాళ్లతోనే, రాజీనామా చేశాను.

తిరుగు ప్రయాణానికి శంకరన్న వంద చాలన్నాడు, వినోదం ఉచితంగా దొరికిందని కాబోలు. మూడున్నరకు హాలియా స్టాండులో బస్సు కోసం నిలబడ్డప్పుడు అక్క తనే ఫోన్ తీసింది. సోమవారం దాకా ఆగలేదు. “మేడం, నేను రాను. లేదు మేడం, జీతం గురించి కాదు. ఆర్డరున్నది” అంది. ఆ చివరి మాటను ఆమె పలికిన తీరు మీరు వినాల్సింది. పక్కన బత్తాయిలమ్మే ముసలాయన కూడా తిరిగి చూశాడు.

ఆదివారం మళ్లీ వచ్చి కోట్లు ఇచ్చాం, బుజ్జమ్మకు ఆమె ఐదు పిన్నీసులూ ఇచ్చాం. రాత్రి ఎలిశమ్మ ఇంట్లోనే ఉండి సోమవారం పొద్దున తిరుగు బస్సులో వస్తుంటే, రోడ్డు పక్కనే ఉన్న కాలువ మడిలో ఇరవై రెండు వీపులు, వాటి మీద పెద్దక్షరాలు. బస్సులో ఒకాయన కిటికీలోంచి బయటికి తొంగి చూసి పైకే చదివాడు. అక్క నా మోచేతిని గట్టిగా పట్టుకుంది. నేను చదివిన పుస్తకాల్లో కస్టమర్ అంటే ఎప్పుడూ నిటారుగా నిలబడి, చేతులు కట్టుకొని, మనం అడిగినదానికి సమాధానం చెప్పే మనిషి. ఈ ప్రాంతపు ఆడవాళ్లు అలా నిలబడ్డప్పుడు మర్యాదకు మెచ్చుకుంటారు, వంగినప్పుడే నిజం చెబుతారు. మా అక్క వాళ్లను వంగినచోట కొలిచింది. ఆ కొలత నాకు రాదు. ఆ కొలత తెలిసిన మనిషి వెనక బస్తాలు మోస్తున్నందుకు మాత్రం చాలా పొగరుగా ఉంది, దాచుకోలేను.

మీరు కూడా ఏదైనా తయారుచేసి ఇటువైపు తేవాలనుకుంటే ఒకే ఒక్క సూచన. బస్సులు ఉన్నాయి, ఆటోలు ఉన్నాయి, అన్నం వాళ్లే పెడతారు. సంచిలో ఒక జత బట్టలు మాత్రం ఎక్కువ పెట్టుకోండి. గట్టు మీద నిలబడి చూసి వెళ్లిపోయే ఉద్దేశం ఉంటే అదీ అక్కర్లేదు.